తువ్వాల కింద

ఎద్దుల బేరంలో ఉరుకుందప్ప
తువ్వాల కింద వేళ్లు పట్టుకోనే రేటు తెంచుతాడు.
చదరంగంలో తువ్వాల లేదు,
నా మొగాన్నే నేను కప్పుకోవాల.

బోర్డు చూడడు.
నా గొంతులో దిగే గుటక చూస్తాడు.
గుర్రం మీద చెయ్యి పెడితే చాలు,
"నిదానం అప్పా, తొందరేముంది" అంటాడు మెత్తగా.
అంతే. బాగుండే ఎత్తు చేతిలోనే పాడైపోతాది.

ఎమ్మిగనూరు సంత. సోడాలో గ్యాసంతా పోయింది.
ఈ పొద్దు నిజంగానే
ఏనుగుకు కాపలా పెట్టడం మరిచిపోయినా.
శానాసేపు నా కండ్లలోకి చూసి
ఎర అనుకోని ముట్టలేదు ఆయప్ప.

గెలిచినా.

పండ్లు చూసి ఎద్దు వయసు చెప్పే మనిషి
బంట్లు డబ్బాలో వేస్తా అడిగినాడు:
"ఎన్నాళ్లుగా దాచినావప్పా ఆ ఎత్తు?"

నవ్వినా,
పండ్లు కనపడకుండా.