దుబాసి

హెలికాప్టర్ కోసం
జాడి ఎల్లుబాయి కల్లం పక్కన బీడును చదును చేసిండ్రు.
సున్నంతోని పెద్ద గుండ్రం గీసి
నడుమ ఒక ఇంగ్లీషు అక్షరం రాసిండ్రు.
"అదేమక్షరం గురూజీ?" అనడిగిండ్రు
మరాఠీ బడిల చదివి తెలుగుల కొట్లాడుకునే పిల్లలు.
ఒక్కటే మెట్టు మిగిలిన నిచ్చెన అని చెప్పిన.

మూడు దినాల సంది ఊరికి పెండ్లికళ.
తొవ్వకు మొరం పోసిండ్రు, మంత్రి నడిచే దిక్కుకే.
బోరింగుకు నీలం రంగేసిండ్రు,
నీళ్ళకు మాత్రం నిరుటి తుప్పు వాసనే.
కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ జాగల కొత్తది కూసున్నది.
ఎన్నడు రాని తలాఠీ మా ఇంటికొచ్చి చాయ్ తాగిండు:
"సాహెబ్ మరాఠీల మాట్లాడ్తరు. మీరు తెలుగుల చెప్పాలె.
బాగ చెప్పాలె."
ఆ "బాగ" కాడ జెరసేపు ఆగిండు.

సిరోంచా తాలూకాల మా ఊరికి
ప్రాణహిత అవతల ఇంకో రాష్ట్రం, ఇంకో ముఖ్యమంత్రి.
ఎండకాలం గాలి ఇటు మర్లితే
వాళ్ళ మైకులు మా మంచాల మీదికొస్తయి.
ఒక్క ముక్క పొల్లు పోకుంట అర్థమైతది.
పింఛను ఎంత పెంచిండ్రో, కరెంటు ఎన్ని గంటలో
మా ముసలోళ్ళు వేళ్ళు మడిచి లెక్కపెడ్తరు
పిలువని పెండ్లిల కూరలు లెక్కపెట్టినట్టు.
మాకు రావాల్సినయి ముంబైల బయలెల్లి
నాగపూర్ల ఒక పూట, గడ్చిరోలీల నాలుగు నెలలు పండుకొని
మా దాక వచ్చేసరికి
కార్బన్ కాయితం మీద నాలుగో నకలు లెక్క
ఉన్నట్టే ఉంటయి, చదవరావు.

మంత్రి దిగిండు.
రెక్కల గాలికి ఎల్లుబాయి కల్లంల మిరపకాయలు లేచినయి.
ముందుగాల కలెక్టర్ తుమ్మిండు,
ఎనక మంత్రి, ఆయన ఎనక తుపాకులు పట్టుకున్నోళ్ళు.
ఆ దినం అందరం ఒక్క భాషల మాట్లాడింది
గంతసేపే.

నలభై నిమిషాలు ప్రసంగం.
"వికాస్" అన్న మాట పదకొండుసార్లొచ్చింది.
పదకొండుసార్లు "అభివృద్ధి" అన్న,
ఏడోసారికే నోరు పిప్పి నమిలినట్టయింది.

అప్పుడు లేచింది ఎల్లుబాయి,
చేతిల సాత్‌బారా, మడతల కాడ చినిగి.
"అయ్యా, ఈ కాయితంల నాకు మూడెకరాలున్నది.
నీళ్ళ కింద గూడ ఆ మూడెకరాలే ఉన్నది.
కట్ట కట్టింది అవతలి సర్కారు, సరే అన్నది ఇవతలి సర్కారు.
ఆళ్ళిద్దరు ఫొటో దిగిండ్రు.
నేను నాగలి ఏడ దింపాలె?
పోయినేడు నీ లెక్కనే తెల్లబట్టలాయన వచ్చి
రాసుకొని పోయిండు.
ఆ రాసుకున్న బుక్కు ఏడున్నదో జెర అడుగు."

జనం నవ్విండ్రు.
మంత్రి నా దిక్కు చూసిండు: "బాయి కాయ్ మ్హణతే?"

నాకు భామ్రాగఢ్ అడవి యాదికొచ్చింది,
బదిలీ కాయితం యాదికొచ్చింది,
తలాఠీ తాగిన చాయ్ కప్పు యాదికొచ్చింది.
నష్టపరిహారం సంగతి అడుగుతున్నది సాహెబ్,
మీరొచ్చినందుకు సంబురమంటున్నది
అని చెప్పిన. మరాఠీల. బాగ.

ఆయన చేతులు జోడించి "పాహూ" అన్నడు.
"చూస్తరట" అన్న నేను.

ఎల్లుబాయి మంత్రిని చూస్తలేదు.
ఆమెకు మరాఠీ రాదని ఎవలన్నరు?
ముప్పై ఏండ్లు ఆలాపల్లి సంతల
మరాఠోళ్ళకు, మాడియోళ్ళకు మిరపకాయలమ్మిన మనిషి,
అణా పైసతో సహ వాళ్ళ మాటల్నే బేరమాడిన మనిషి.

పొద్దుగూకినంక పోయి అడిగిన,
"వచ్చినప్పుడు నువ్వే చెప్పకపోయినవా?"
తొడిమలు తీసుకుంటనే అన్నది:
"నేనడిగితే ముసల్దాని మొర.
చదువుకున్నోడి నోట్లెకెల్లొస్తే
రాసుకుంటరేమో అనుకున్న."

తెల్లారి ట్రాన్స్‌ఫార్మర్ లారీ ఎక్కింది.
సున్నపు గుండ్రం మాత్రం ఉన్నది.
చదునైన నేల ఎందుకు పాడుజేసుడని
ఆమె అందుల్నే మిరపకాయలు ఆరబోసింది,
నిచ్చెన మీద దాక, ఎర్రగ.

నేనెదురైతే ఇప్పుడు రామ్ రామ్ అనది.
"పాహూ, గురూజీ" అంటది.