బండికి రెండు లీటర్లు

పొగాకు బయ్యరు దగ్గర కొన్నప్పటికే
లక్షా పదివేలు తిరిగిన ఇండికా అది.
ఏపీ ఇరవై ఏడు. తెలుపు.
వెనక సీట్లో బేళ్ళ వాసన
పదకొండేళ్ళయినా దిగిపోలేదు.

పెళ్ళిళ్ళకీ, మాలకొండ శనివారాలకీ చాల్లే అనుకున్నాం.
రెండేళ్ళకి మా ఆయన కిడ్నీలు
చెప్పాపెట్టకుండా పని మానుకున్నాయి.
మా నీళ్ళ వల్లేనని కొందరు, కాదని కొందరు.
ఎవరు గెలిచినా
కనిగిరి నుంచి ఒంగోలుకి వారానికి మూడు మార్లు,
పోనూ రానూ నూట డెబ్బై.

నలభై మూడేళ్ళప్పుడు పట్టుకున్నా స్టీరింగు,
మార్కెట్ యార్డులో, మిరపకాయల టిక్కీల మధ్య.
మొదటి నెల్లోనే క్లచ్చు ప్లేటు కాల్చేశా.
పొదిలి మస్తాను తిట్టలేదు.
స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద, పిడి చెవికి ఆనించి
కళ్ళు మూసుకుని విన్నాడు.
"గుండె గట్టిదేనక్కా.
నాకు బాకీ పెట్టు, పర్లేదు.
ఆయిలుకి మాత్రం బాకీ పెట్టబాక."

పెట్టలేదు.
ఐదువేలకొకసారి ఆ నల్లటి నూనె
తట్టలోకి దిగుతుంటే దగ్గరుండి చూసేదాన్ని.
ఒంగోల్లో ఆ గొట్టాలూ ఆ ఎరుపూ చూడలేక
నాలుగ్గంటలూ బయట కూచుని
బండి అద్దాలు తుడిచేదాన్ని.

చీమకుర్తి గ్రానైటు దుమ్ముకి
ఫిల్టరు విప్పి దులిపితే
మస్తాను మీసాలు నెరిసిపోయేవి.
"నీ కారు కొండని తింటందక్కా" అనేవాడు.

ఎండాకాలం సర్కారు కంప పక్కన ఆపి
మూత మీద తడిగుడ్డ వేసి, ఆవిరి చల్లారాక
రేడియేటర్లో పోసేదాన్ని.
బండికి రెండు లీటర్లు.
ఆయనకి రోజు మొత్తానికి అర లీటరు.
ఆయన సీసా వంక చూసేవాడు కాదు.
దూరంగా తాటిచెట్లు లెక్కబెట్టేవాడు.
కానీ గళగళమనే ఆ చప్పుడు
ఎటు తిరిగినా వినపడుద్ది కదా.
పోను పోను
గరాటు వంచి, అంచు వెంట
చప్పుడు కాకుండా పొయ్యడం నేర్చుకున్నా.

అరవై రెండున్నర కిలోల మనిషిని తీసుకుపోయి
అరవై కిలోల మనిషిని తెచ్చుకునేదాన్ని.
తిరుగుదారిలో బండి తేలిగ్గా లాగేదంటే
మస్తాను నవ్వేవాడు. నవ్వనీ.
స్టీరింగు నా చేతిలో ఉన్నది.

ఒకసారి మీటరు తీగ తెగి
డెబ్బై రోజులు అంకెలు కదల్లేదు.
ఆ దూరం బండి లెక్కలో లేదు.
ఆస్పత్రి బరువు చీటీల్లో ఉంది, ముప్పై చీటీలు.
టైమింగు బెల్టు నాలుగు మార్లు, నాజిళ్ళు రెండు మార్లు,
ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు,
నేను దిగి, చుట్టూ తిరిగొచ్చి తియ్యాలి.
అలా మూడు లక్షల నలభై వేలు.

పోయిన ఏడు మా ఊళ్ళోనే డయాలసిస్ పెట్టారు.
ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు.
గడప ముందు కొబ్బరికాయ కొట్టాం.
నెలకి బ్యాటరీ చచ్చింది.
రెండో నెల బ్రేకులు పట్టేశాయి.
ఫిల్టరు డబ్బాలో ఎలుక పిల్లల్ని పెట్టింది.
"తిరిగే బండిని కట్టేస్తే ఇంతేనక్కా,
వారానికోసారి ఊరికే తిప్పు."

ఊరికే అంటే ఎటో మాకు తెలీదు.
ఆదివారం బండి దానంతటదే ఒంగోలు దారి పట్టింది.
ఆస్పత్రి గేటు దాటేటప్పుడు
ఇద్దరం మాట్లాడలేదు.
ఇంకాస్త పోతే కొత్తపట్నం.
ఎనిమిదేళ్ళు పక్కదాకా పోయి
చూడకుండా తిరిగొచ్చిన సముద్రం.

చెప్పులు బండిలో వదిలేసి
పంచె ఎగ్గట్టి మోకాళ్ళ దాకా దిగాడు.
చాలాసేపు నిలబడ్డాడు.
"ఎంత దండగే" అన్నాడు,
"ఇంతుండీ ఒక్క గుక్కకి పనికిరాదు."
అని, దోసిట్లో తీసుకుని
మొహం కడుక్కున్నాడు, మూడుసార్లు.

ఉప్పుగాలికి తీసుకుపోయినందుకు
మస్తాను మొదటిసారి తిట్టాడు.
సోమవారం బండి అడుగంతా
మంచినీళ్ళతో కడిగించా.
ఎన్ని లీటర్లో లెక్కపెట్టలేదు.