పదకొండో వరుస

"పోయినేడాది మేటరు సిస్టంలోనే ఉంది సార్,
పేర్లు మారిస్తే చాలు" అన్నాడు
కర్నూలు రోడ్డు ప్రింటరు సుభానీ.
విద్యావాచస్పతి, మృదుభాషి, జ్ఞానజ్యోతి:
ఎవరి భుజాన వేసినా సరిపోయే శాలువాలు ఆ మాటలు.
వద్దన్నాను.
తెలుగు మాస్టార్ని కదా, ఆ మాత్రం పొగరుంటుంది.

ఇద్దరికి రాయాలి.
ఇంజనీరింగు మాలకొండయ్యకి ఢిల్లీ వాళ్ల పతకం.
ఎకనామిక్సు కరీమున్నీసాకి
ఎక్కడో చలిదేశంలో అచ్చయిన పరిశోధనకి బహుమతి.
వీసీ గారు నాలుగు రోజుల గడువిచ్చారు.
మూడు రోజులు "మహోదయా" దగ్గరే గడిచాయి.

మాలకొండయ్య మీటరు
రొయ్యల గుంటలో ఊపిరి తగ్గితే ఫోను మోగిస్తుంది.
ఇప్పుడు పాకల నుంచి రామాయపట్నం దాకా
తెల్లారగట్ల గట్ల మీద దాని కూతే.
మొదటి మీటరు మాత్రం ఒక రాత్రి మోగలేదు.
పొద్దున్నే గుంటంతా తెల్లగా తేలింది,
నలభై కౌంటు సరుకు, ఇంకో వారంలో పట్టుబడి.
నా బండి మీదే తీసుకెళ్లాను.
గట్టు మీద చతికిలబడి మీటరు విప్పాడు.
తీగ మీద ఉప్పు పట్టి ఉంది, గోరంత.
రైతు పోలయ్య తిట్టలేదు.
"టీ తాగుతావా అయ్యోరా" అన్నాడు.
ఆ టీ ఇంకా గొంతు దిగలేదంటాడు, తొమ్మిదేళ్లయినా.
"పత్రంలో ఆ ఉప్పు రాస్తావా?" అని అడిగాడు నన్ను.

కరీమున్నీసా
టంగుటూరు వేలం కేంద్రంలో ఏడు సీజన్లు నిలబడింది,
పొగాకు ఘాటుకి తుమ్ముతూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.
ఎవరి బేలుకి ఎంత పలికింది,
ఎవరివి నోబిడ్ అయి తిరిగి ట్రాక్టరెక్కాయి,
బ్యారన్ కిరాయి, కట్టెల ఖర్చు, చేబదులు వడ్డీ.
నూటరెండు ఇళ్లు, నూటరెండు వరుసలు.
"బయ్యరు బేలు దాటిపోతుంటే
రైతు మెడ కూడా అటే తిరుగుతుంది సార్,
దాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు" అంది.

తరవాత వేలు పెట్టి చూపించింది,
నాలుగో పట్టిక, పదకొండో వరుస.
ఆరు సీజన్ల అంకెలు.
ఏడో గడిలో చిన్న గీత.
చలిదేశం సంపాదకుడు రెండుసార్లు రాశాడట,
ఈ వరుస తీసేయండి, లేదా సగటు వేసి నింపండి అని.
రెండుసార్లూ ఒకటే జవాబు:
ఆ మనిషికి సగటు లేదు.

చివరికి రాశాను.
ఒక చోట గోరంత ఉప్పు.
ఒక చోట గీత, దాని పక్కన ఏమీ లేదు.
ఫ్రేము కట్టమని సుభానీకి పంపాను.

షామియానా కింద ఉక్క. బంతిదండలు. మైకు కీచు.
వీసీ గారు చదువుతూ చదువుతూ
ఉప్పు దగ్గర తడబడి "ఒప్పు" అని దాటేశారు.
మాలకొండయ్య తల దించుకుని నవ్వుకున్నాడు.
రెండో పత్రం చేతికి తీసుకోగానే
ఎందుకో లేచి నిలబడ్డాను.

ఫ్రేములో గీత లేదు.
ఖాళీగా ఉంటే బాగుండదని
సుభానీ అక్కడొక బంగారురంగు పువ్వు పెట్టాడు.

కరీమున్నీసా
అద్దం మీద నుంచే ఆ పువ్వును
వేలితో ఒకసారి రుద్ది చూసింది,
పోతుందేమోనని.