రాత మీద నీరు

నీటి మీద రాత నిలవదంటారు.
ఆ రాత్రి మా ఊళ్లో అది తిరగబడి
రాత మీద నీరు నిలబడింది,
మోకాలి లోతు.

అట్లాంటిక్ నడుమ, అసోరెస్ దీవుల్లో
పటం మీద వేలు పెడితే గోటి కింద దాగే ఊరు.
పురపాలక కార్యాలయానికి ఒక నేలమాళిగ,
అందులో నూట నలభై ఏళ్ల కవిలెలు:
ఎవరు ఎప్పుడు పుట్టారు,
ఎవరి గోడ ఎవరి హద్దు,
ఏ సమాధికి ఇంకా ఎన్నేళ్ల కౌలు మిగిలింది,
ఏ ఊట నీళ్లు ఏ వీధికి ఏ గంటకు వదలాలి.

ఆ గది జుల్మీరాది.
నేను ఆమె కింద మూడు నెలల గుమాస్తాని,
జిగురు సీసాకి మూత పెట్టడం కూడా
అప్పటికి సరిగా రానివాణ్ణి.

తెల్లారి వెళ్లేసరికి
చెప్పులు మెట్టు మీద విడిచి, నీళ్లలో నిలబడి
మంత్రసానిలా రెండు చేతులూ కిందికి చాచి
ఉబ్బిన పుస్తకాలను ఒక్కొక్కటే పైకి తీస్తోంది.
"తెరవకు. కాలిన చర్మంలా ఊడొస్తుంది.
ఎండలోనూ పెట్టకు.
రెండు రోజుల్లో బూజు పడుతుంది.
ముందు గడ్డ కట్టించాలి."

ఊరి మొత్తానికి చలిగది ఒక్కటే,
ఎవరిష్టో చేపల ఫ్యాక్టరీలో.
ఆయన తల గోక్కున్నాడు.
"ట్యూనాకి చోటు చాలడం లేదమ్మా."
జుల్మీరా చంకలోంచి ఒక రిజిస్టరు తీసి
ఆయన బల్ల మీద పెట్టింది. అది బల్లంతా కారింది.
"మీ తాత ఈ స్థలం కొన్న పద్దు ఇందులోనే ఉంది.
ఇది కుళ్లిపోయాక
ఫ్యాక్టరీ నీదేనని ఎవరు సాక్ష్యం చెబుతారు,
ట్యూనాలా?"

తలుపు తెరిచాడు. అరవై పెట్టెలకే చోటు.

గోడ మీద ఒక పట్టిక వేలాడుతుండేది, తడవకుండా మిగిలింది:
శాశ్వతం. పదేళ్లు. ఏడేళ్లు, ఆపై చించివేయవచ్చు.
జననాలు, మరణాలు ముందు.
తర్వాత హద్దులు. తర్వాత తీర్మానాలు.
నేను మోస్తూ పోయాను,
అట్టలు నానిపోయి పేర్లు కనబడనివి
నాకు తోచిన పెట్టెలో వేస్తూ.

ఆరు నెలలకు ఓడెక్కి ప్రధాన భూభాగానికి వెళ్లాయి.
అక్కడొక ఇనుప గది ఉందట.
అందులో మంచు, నీరవకుండానే ఆవిరైపోతుందట.
కాగితానికి తెలియకుండా
దాని ఒంట్లోంచి వరదను దొంగిలించే గది.

తిరిగొచ్చిన రోజు లెక్క చూశాం.
ముప్పై ఒకటో సంవత్సరం నీళ్ల తీర్మానం ఇటుకైపోయింది.
పై వీధీ కింది వీధీ ఆ ఊట కోసం
ఇవాళ్టికీ కొట్టుకుంటూనే ఉన్నాయి.

శాశ్వతం పెట్టెలో
కుక్కల లైసెన్సుల పుస్తకం బయటపడింది.
ఎప్పుడో చించేయాల్సింది.
"ఇది ఎవరు వేశారు?"
నేల చూశాను.

ఆ చలికాలమే ఫెలిష్మీనా వచ్చింది,
ఎనభై నాలుగేళ్లు, చేతిలో పింఛను వాళ్ల ఉత్తరం.
పదమూడేళ్లు కొండ మీది బంగళాలో పనిమనిషి.
జీతం చేతికిచ్చేవారు. అద్దె రసీదు లేదు.
ఓటరు జాబితాలో పేరు లేదు.
"ఈ ఊళ్లో ఉన్నానని రుజువు కావాలంటున్నారు నాయనా.
అప్పుడు నాతో ఉన్నదల్లా ఒక కుక్క."

జుల్మీరా కళ్లద్దాలు తుడుచుకుంది.
పేజీలు తిప్పింది, చాలాసేపు.
ఫెలిష్మీనా, బంగళా వెనక గది.
కుక్క పేరు పిలోతు. నలుపు. ఎడమ చెవి లేదు.
ఏటా సుంకం ముట్టింది, పదమూడుసార్లు.

ఆవిడ సంతకాన్ని కాదు,
ఆ చెవి లేని మాటను వేలితో తడిమింది.

నన్నెవరూ మెచ్చుకోలేదు.
"తప్పు తప్పే" అంది జుల్మీరా ఆ సాయంత్రం,
పట్టికలో కుక్కల వరసకు ఎదురుగా
ఏడేళ్లు కొట్టేసి, ఏమీ రాయకుండా కలం మూస్తూ.

ఇప్పుడా తాళంచెవి నా దగ్గరుంది.
ప్రతి పుటకూ ఫోటో ఉంది, మూడు చోట్ల మూడు డిస్కులు.
అవీ ముసలివవుతాయి.
అయిదేళ్లకోసారి కొత్త ఒంట్లోకి మార్చాలి.
ఆ ఖాళీ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

వాన ముసురు పట్టిన రోజుల్లో
పాత కవిలెలు ట్యూనా వాసన వేస్తాయి.
ఊరి పిల్లులన్నీ వచ్చి
దస్త్రాల గది గుమ్మం ముందు కూర్చుంటాయి,
తమ కాగితాలేవో ఇవ్వాల్సి ఉన్నట్టు.