తేదీ అంటించిన చోటు

దేవరకొండ బస్టాండు ఎనక, మెట్ల కింద నా గేముల కొట్టు.
ఆరు కంప్యూటర్లు, నాలుగే పనిజేస్తయి.
ఏసీ వచ్చే నెల పెడ్తనని జెప్పి పెట్టిన.
గోడకు 'ఉప్పుకోట' పోస్టరు,
దాని మీద మైదపిండితోటి అంటించిన తేదీ,
తేదీ మీద తేదీ, దాని మీద ఇంకోటి.
గోరుతోటి గీకితే దసర, దసర కింద ఉగాది.

ఈసారి తేదీ రాలె. ఉత్తరమొచ్చింది.
గేము జేసేటాయన రాసిండు:
గుర్రం గోడలల్లకెల్లి పోతున్నది,
వానొస్తే చప్పుడు ఆగిపోతున్నది,
ఎందుకో మాకే సమజైతలేదు.
తెల్వకుంటనే తేదీలు జెప్పిన, తప్పు నాది.

సదివి ఇనిపిచ్చిన.
బిక్షపతి కుర్చీ తన్నిండు,
పత్తి ఏరిన పైసలు దీనికోసమే దాసిపెట్టిండట.
"ముందుగాల జెప్పనీకేమైంది నోటికి?"
నౌషీన్ రెండోపారి సదవమన్నది.
"బోరుబండాయన గూడ నాకు తెల్వదు అనుంటే
మా నాయిన నాలుగోది ఏయకపోతుండె" అన్నది,
ఎవ్వరి దిక్కు సూడకుంట.
తండా నుంచొచ్చే బుడ్డోడు చరణ్‌కు
అసలు కష్టమే కనవడలె:
"గుర్రం గోడలకెల్లి పోతే మంచిదే గదన్నా?"

రాత్రి షట్టరు సగం దించి
తడిగుడ్డతోటి మూడు తేదీలు నానవెట్టి గీకిన.
పోస్టరు గూడ కొంత లేసొచ్చింది, గుర్రం చెవి పోయింది.
ఆ తెల్లటి జాగల స్కెచ్ పెన్నుతోటి రాసిన:
ఎప్పుడొస్తదో తెల్వదు.

పెన్ను మూత పెట్టి, మల్ల తీసి,
ఇంకింత సన్నగ, కింద:
ఏసీ గూడ.