కాగితానికి రెండు రూపాయలు

కోవూరు బస్టాండు ఎదురుగా
నా జిరాక్సు కొట్లో
ఆధార్లు, అడంగళ్లు, హాల్‌టికెట్లు తప్ప
ఇంకో మొహం చూడని మిషను ముందు
పాటూరు మాల్యాద్రి ఫోను పెట్టి
"దీన్ని పెద్దది చెయ్యబ్బా ఖాజా" అన్నాడు.

గుడ్డ ముక్క.
జానెడు. చిలకపచ్చ అంచు, లోపల ఇటిక రంగు,
ఓ మూల ఎలక కొరికినట్టు.
ఎక్కడో మంచు దేశం మ్యూజియంలో
నూట డెబ్భై ఏళ్లుగా గాజు కింద పడుకోనుందంట.
కోడలు పెంచలమ్మ రాత్రి ఏందో వెతుకుతుంటే
ఇది దొరికిందంట.
కింద పాటూరు పేరు ఉండాది, వంకరగా,
నోరు తిరగనివాడు రాసినట్టు.
కొన్నవాడికి పేరుంది, ఫలానా దొర.
కొన్న ధర ఉంది, అణాలతో సహా.
నేసినవారు: తెలియదు.

ఆ కిందే ఇంకో వరస.
రెండుసార్లు చదువుకొని తెలుగులో చెప్పినా:
"దీని మీద ఎవరికీ హక్కుల్లేవు.
ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు.
అడగనక్కర్లేదు."

మాల్యాద్రి నమ్మలేదు.
"అడగనక్కర్లేదా?
మా పెదనాన్న రుద్రాక్ష అంచు లెక్క
బియ్యం కుండలో దాచి, చెప్పకుండానే పోయినాడు.
షావుకారు డిజైన్ల బీరువా తాళం
మొలతాడుకి కట్టుకోని నిద్రపోతాడు.
వాళ్లెవరో, సముద్రాలవతలోళ్లు, ఊరికే ఇస్తారా?"
"ఇస్తుండారు."
"ఎందుకని?"

నా దగ్గర జవాబు లేదు.
అణాలిచ్చి పట్టుకుపోయింది ఇన్నేళ్లకి చూపిస్తే
దాన్ని దానం అనాలో, వడ్డీ అనాలో.
అయినా గుడ్డ రాలేదుగా,
గుడ్డ నీడ వచ్చింది.

పెద్దది చేసినా.
ఇంకా అన్నాడు. ఇంకా చేసినా.
జానెడు ముక్క పదహారు కాగితాలై
కొట్టు నేలంతా పరుచుకుంది.
చెప్పులు బయట విడిచి, లుంగీ మడిచి
మోకాళ్ల మీద కూచున్నాడు.
పోగులు లెక్కపెడుతుంటే చూపుడువేలు
తాకీ తాకనట్టు పోతుంది, వస్తుంది,
నాడె పోయే దారిలోనే.
బయట కావలి బస్సు హారను.
కుల సర్టిఫికెట్టు కాపీకని వచ్చిన కుర్రాడు
తన పని మరిచి
పెదాలతో తనూ లెక్కపెడుతున్నాడు.

తొమ్మిదో కాగితం దగ్గర వేలు ఆగింది.
"ఇక్కడ తప్పినాడు."
ఒక్క పోగు.
పైన పోవాల్సింది కిందికి పోయింది,
తర్వాతి వరసకే సర్దుకున్నాడు.
"ఎవరో పిలిచుంటారు.
ఆఁ వస్తుండా అని తల తిప్పుంటాడు."
ఆ తప్పుని చాలాసేపు చూసినాడు,
చుట్టాన్ని పోల్చుకుంటున్నట్టు.
తెలియదు అని రాసిన చోట
ఓ మెడ తిరిగింది.

ముప్పై రెండు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు.
కాగితానికి రెండు. బొమ్మకి ఏమీ లేదు.

నెలన్నరకి మళ్లీ వచ్చాడు.
చంకలో చుట్ట. గళ్ల కాగితం మీద పెన్సిలు చుక్కలు,
పడుగెంత, పేకెంత, అంచు లెక్క మొత్తం.
నా చేతికివ్వకుండా పట్టుకోనే నిలబడ్డాడు.
"ఇక్కడ పెడితే పవర్‌లూమువాడూ తీసుకుంటాడు గదా?"
"తీసుకుంటాడు."
"షావుకారూ?"
"ఆయనా."
"మా తమ్ముడి కొడుకు, నాతో మాటల్లేవు.
వాడొచ్చి అడిగితే?"
నేనేం అనలా. మిషను మూత ఎత్తిపెట్టినా.
టీ వచ్చింది. చల్లారింది.
వెచ్చటి గాజు మీద తనే పరిచాడు,
ముడత లేకుండా అరచేత్తో రాసి,
గంజి పెట్టిన పడుగుని సవరించినట్టు.

"అడుగున నీ పేరు రాసేదా?"
"రాయి. కొండేపాటి మాల్యాద్రి, పాటూరు.
ఆ తప్పు కూడా అట్టనే ఉంచినానని రాయి.
ఎవరొచ్చినా ఇయ్యి.
తాళం మాత్రం వెయ్యబాక."

యాభై కాపీలు తీసి పక్కన పేర్చినా.
అందులో ఒకటి మడిచి జేబులో పెట్టుకొని
బస్సు కదుల్తుంటే పరిగెత్తి ఎక్కేశాడు.
మూత ఎత్తి చూస్తే,
అందరి మాదిరే తనూ
అసలు కాగితం లోపలే మరిచిపోయి ఉండాడు.