బ్రేకుల మీద నెపం

పాత స్కూలు బస్సును కొని
సీట్లు ఊడబీకి
రెండు మంచాలు, గ్యాసుపొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగిచ్చిన.
పసుపు రంగు పూర్తిగ పోలే.
తెల్ల పెయింటు కిందికెల్లి
ఇంక బడికి పోతనే ఉంటది.

పాలమూరు నుంచి పొద్దుగాల్నే ఎల్లినం.
బాలకిష్టన్న ముందు సీటు పట్టిండు.
శ్రీశైలం పోవాలె, మన్ననూరు దాటినంక
అడవి అంచుల అన్నం వండుకోవాలె అని
పది రోజుల సంది ఒకటే రంధి.
మౌలాన్‌బీ డ్యాం గేట్లు చూస్తనన్నది.
ఈదమ్మ వదిన ఏమనలే.
కొంగుల ఒక నిమ్మకాయ ముడేసుకున్నది,
గంతే.

నాకు ఆ నిమ్మకాయ ఎరుకే.
నడిపేటోనికి మలుపు చేతులల్ల ఉంటది,
కూసున్నోళ్లకు కడుపుల ఉంటది.
పందొమ్మిదేండ్ల పిల్లగ ఉన్నప్పుడు
సొరంగం పనికి, లారీ ఎనుక,
మరాఠీ కొండలకు పోయిందట.
ఎనుకకు మళ్లి కూసున్నోళ్లకు
దారి ముందు కనబడదు, పోయినంకనే కనబడతది.
ఒక్కో మలుపుకు ఒక లోయ నోరు తెరుస్తది,
పారలు, గంపలు, మనుషులు
అందరు ఒక్కదిక్కే ఒరుగుతరు.
మూడేండ్లు ఆ కొండ కడుపుల తట్టలు మోసింది.
లోపల ఎన్నడు భయపడలేదట.
అంచు మీదనే.

బిజినేపల్లి కాడ సీతాఫలాలకు ఆగినం.
గంపకు నూట యాభై అన్నదాన్ని
మౌలాన్‌బీ తొంభైకి దించి
కండ్లు విచ్చినయే ఏరి మరీ ఎక్కిచ్చింది.

నాగర్‌కర్నూల్ల దారి చీలింది.
ఫోనుల ఆడగొంతు ఎడమకు మళ్లుమన్నది.
ఆమెకు నిమ్మకాయ సంగతి తెల్వది.
అద్దంల చూసిన.
వదిన చెయ్యి కిటికీ చువ్వ మీద,
లోతు బావిల చేంతాడు పట్టినట్టు.

"అన్నా, బ్రేకులు జెర మెత్తగైనయ్" అన్న.
"దిగుడుల డ్రమ్ము నీళ్లు ముందుకు తోస్తయ్.
కొల్లాపురం దిక్కు పోదాం,
సోమశిల కాడ గూడ కృష్ణనే గద."
అబద్ధమాడినంక
స్టీరింగు తేలికైంది.

"మొన్ననే గదరా ఏసిచ్చినవు?"
"ఏసిచ్చిన. మల్ల అరిగినయ్."
మౌలాన్‌బీ ఫక్కున నవ్వి ఒక గింజ మింగింది.
బాలకిష్టన్న పెద్దకొత్తపల్లి దాంక
మూతి ముడుసుకునే ఉన్నడు.

ఈ దారికి తొందర లేదు.
కాయ లేని కాలం గనుక
మామిడితోటలల్ల కావలి లేని నీడ.
నడుమ నడుమ చిన్న చిన్న ఎత్తులు,
లేగదూడ వీపంత,
ఎక్కినట్టే తెల్వదు.
ఎప్పుడు ఇడిసిందో ఏమో
మల్ల అద్దంల చూసేసరికి
చువ్వ మీద చెయ్యి లేదు.
ఒడిల సీతాఫలం ఇప్పుకుంటున్నది.

సోమశిలల నీళ్లు రేవు మెట్లెక్కి ఉన్నయ్.
పడవ పిల్లగాడు చెప్పిండు,
ఇవి ఆ డ్యాం ఆపిన నీళ్లేనట.
కొండల నడుమ పట్టక
ఎనుకకు ఎనుకకు జరిగి
ఈడిదాంక వచ్చినయట.
బాలకిష్టన్న మెట్టు మీద కూసొని
చానాసేపు చూసిండు.
"అంటే మనం పోకుంటే
అదే వచ్చిందన్నట్టు" అన్నడు,
అలక పోయిందని ఒప్పుకోకుండనే.

అన్నం ఉడుకుతుండంగ
వదిన బండి చుట్టు ఒక్కసారి తిరిగింది.
ముందు చక్రం కాడ వంగి
ఇనుముకు అరచెయ్యి ఆనిచ్చింది,
జెరమొచ్చిన పిలగాని నుదురు చూసినట్టు.
ఏం తెలిసిందో
నాకు చెప్పలే.

వచ్చి, కొంగుముడి ఇప్పి,
నిమ్మకాయను రెండు చెక్కలు కోసింది.
ఒక చెక్క అందరి పప్పుల.
రెండోది మొత్తం
నా పళ్లెంల పిండింది.